మన ఊరి విషపు మొక్కలు: వాని చరిత్ర, వైద్యోపయోగము

విషమనగానే మనకు త్రాచుపామో తేలో తలపునకు వచ్చును. కాని పాము మనలను చూచి ప్రక్కకు తొలగిపోవును. మొక్క కదలక మన పెరటిలోనే నిలిచియుండును. బడి కంచె వెంబడి పచ్చగన్నేరు, చెఱువుకట్టపై జిల్లేడు, పెంటకుప్పల చెంత ఉమ్మెత్త, ముళ్ళకంపలపై ప్రాకు గురివింద, అడవి అంచున ముష్టియు కొడిశయు. వీనిలో ఒక్కటియైన కానరాని గ్రామము జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో అరుదు. ఈ మొక్కలు ప్రాణము తీయగలవు. వీనిలో కొన్నియే నేడు ఆసుపత్రులలో ప్రాణము నిలుపుచున్న మందులకు పుట్టినిండ్లు.

పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట రెండు విధముల అవసరము. ఊరి నర్సరీలో ఏ మొక్క పెంచవలెనో, వీథిలో ఏ మొక్క నాటవలెనో నిర్ణయించువారు వారే. ఎవరో ఏదో తిని పడిపోయిరని అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు మొదట లేచి పోవువారును వారే.

ప్రాచీనుల ఎఱుక

మొక్కల విషములను గూర్చిన జ్ఞానము మన దేశమునకు క్రొత్త కాదు. సుశ్రుత సంహితలోని కల్పస్థానము విషములకే కేటాయింపబడినది. అందు స్థావర విషములకు పది ఆశ్రయములు చెప్పబడినవి: వేరు, ఆకు, పండు, పువ్వు, బెరడు, పాలు, చేవ, బంక, ధాతువు, దుంప. ధాతువొక్కటి తప్ప తక్కిన తొమ్మిదియు మొక్క అవయవములే. ఈ విభాగము పాండిత్యప్రదర్శనము కాదు, నేటికిని పనికివచ్చునది. ముష్టికి విషము గింజలో మెండు, అడవినాభికి దుంపలో, కొడిశకు ఆకులో, జిల్లేడునకు పాలలో. ఒక చెట్టు పండు గుజ్జును కోతులు తిన్నవి కనుక దాని గింజయు నిరపాయమనుకొనుట పొరపాటు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజు భుజింపబోవు అన్నమును ముందుగా అగ్నికిని పక్షులకును వేసి పరీక్షింపవలెనని ఉన్నది. ఆ గ్రంథమున పదునాలుగవ అధికరణము శత్రువులపై ప్రయోగించు విషములను, ధూమములను గూర్చినది. అనగా మందు నెఱిగిన చేయియే విషము నెఱిగిన చేయి కూడ. అందుచేతనే ఆయుర్వేదము విషద్రవ్యములకు శుద్ధి యను ప్రక్రియను విధించినది. ముష్టి గింజలను గోమూత్రమున నానవేసి, పాలలో ఉడికించి, పొట్టు ఒలిచి, నేతిలో వేయించుట అట్టి శుద్ధులలో ఒకటి. ఇట్లు శుద్ధి చేసిన గింజలలో విషపు పాలు తగ్గునని నేటి ప్రయోగశాలల పరీక్షలలో తేలినది. తగ్గును గాని పూర్తిగా తొలగదు. శాస్త్రము చదివి, గురువు కడ నేర్చిన వైద్యుడు చేయు పనిని విని నేర్చినవారు ఇంటిలో చేయుట తగదు.

ముష్టి చెట్టు

మన మూడు జిల్లాల విషవృక్షములలో పెద్దపీట ముష్టికే వేయవలెను. దీనినే విషముష్టి, ముషిణి అనియు, ఉర్దూలో కుచ్లా అనియు అందురు. మహబూబాబాదు జిల్లాలోని కొత్తగూడ, గంగారము, గూడూరు అడవులలోను, భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున మహాదేవపురము వైపు అడవులలోను ఇట్టి చెట్లు పెరుగు నేల కలదు. పండు చూచుటకు చిన్న నారింజ. లోపలి గింజలు గుండ్రముగా, చదునుగా, మెత్తని నూగుతో బొత్తాముల వలె నుండును. మిక్కిలి గట్టివి, మిక్కిలి చేదు. ఈ గింజలను అడవిబిడ్డలు ఏరి, కడిగి, ఎండబెట్టి అమ్ముదురు. 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయుచు వచ్చిన అటవీ ఉత్పత్తులలో ముష్టి గింజలు, చిల్లగింజలు, నల్లజీడి గింజలు కలవు. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యము గ్రామసభలకును, తగిన స్థాయి పంచాయతీలకును ఉండవలెనని 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములకు చెప్పినది. వానిని సేకరించుకొని అమ్ముకొను హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవినాశ్రయించినవారికి ఇచ్చినది. కనుక ముష్టి మన గిరిజన పంచాయతీలకు విషము మాత్రమే కాదు, కొంత ఆదాయము కూడ. గింజలు ఏరినవారు చేతులు కడుగుకొనవలెను. గింజలు నింపిన సంచిలో మరల తిండిగింజలు పోయరాదు.

ఇచట ఒక ముచ్చట చెప్పవలెను. చిల్లగింజ యనగా ఇండుపగింజ. బురదనీటి కుండలో దీనిని అరగదీసిన మట్టి క్రిందికి దిగి నీరు తేరును. ఇది మన పెద్దలకు తెలిసిన విద్యయే. ఆ చిల్లచెట్టును ముష్టియు శాస్త్రదృష్టిలో ఒకే కుటుంబమువి, ఒకే ప్రజాతివి. ఒకటి త్రాగు నీటిని తేర్చును, మఱియొకటి ప్రాణము తీయును. అక్కచెల్లెండ్రయినంత మాత్రమున గుణములు ఒకటిగా నుండవలెనని లేదు గదా!

1818లో పారిస్ నగరమున పెల్లెటియే, కవాంతూ అను ఇరువురు ఔషధశాస్త్రజ్ఞులు ముష్టిజాతి గింజలనుండి ఒక తెల్లని పదార్థమును వేరుచేసి దానికి స్ట్రిక్నిన్ అని పేరిడిరి. మరుసటి సంవత్సరమున బ్రూసిన్ అను దాని తోబుట్టువును కనుగొనిరి. మలేరియా జ్వరమునకు మందైన క్వినైనును 1820లో సింకోనా బెరడునుండి తీసినవారును వీరే. స్ట్రిక్నిన్ నిర్మాణమెట్టిదో తేలుటకు శతాబ్దము దాటి పట్టినది. 1954లో అమెరికా శాస్త్రజ్ఞుడు వుడ్‌వర్డ్ దానిని ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేయగలిగెను.

ఈ విషము పనిచేయు తీరు తెలిసికొనదగినది. మన దేహమున ఒక కండరము బిగిసినప్పుడు దాని ఎదురు కండరము సడలవలెను. సడలుమను ఆజ్ఞను వెన్నుపాములో గ్లైసిన్ అను పదార్థము అందించును. ఆ గ్లైసిన్ కూర్చుండవలసిన పీఠమును స్ట్రిక్నిన్ ఆక్రమించును. అంతట కండరములన్నియు ఒక్కసారిగ బిగిసికొనును. చిన్న చప్పుడైనను, వెలుతురు పడినను, చేయి తగిలినను రోగి దేహము విల్లువలె వంగును. తెలివి మాత్రము తప్పదు. ఊపిరి కండరములు బిగిసి ప్రాణము పోవును. ధనుర్వాతమున కనిపించు లక్షణములును ఇంచుమించు ఇట్టివే. అచటను దెబ్బతినునది ఈ సడలింపు ఏర్పాటే. అందుచేత ముష్టి తిన్నవాని చుట్టును ఊరివారు మూగి, అరచి, కుదిపి, మొగమున నీళ్ళు చల్లుట మేలుకు బదులు కీడు చేయును. చీకటి, నిశ్శబ్దము, అతిశీఘ్రముగ ఆసుపత్రి: ఇవియే కావలసినవి. కండరములను సడలించు మందును, కృత్రిమ శ్వాసయు సకాలమున అందిన బ్రతుకును.

ఇంతటి విషమును ఒకప్పుడు పాశ్చాత్యులు బలమునకు టానిక్కుగ పుచ్చుకొనిరి. 1904లో అమెరికాలోని సెంట్ లూయిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో థామస్ హిక్స్ అను పరుగు పందెగానికి దారిలో స్ట్రిక్నిన్‌ను బ్రాందీతో కలిపి ఇచ్చిరి. అతడు మారథాన్ గెలిచెను; గమ్యమున కూలబడెను. నేడు ఆ మందు క్రీడలలో నిషిద్ధము, ఆధునిక వైద్యమున దానికి చోటు లేదు. వింత యేమనగా, దక్షిణ అమెరికా అడవులలో ఇదే ప్రజాతికి చెందిన తీగలనుండి అచటి ఆదిమజాతులు బాణములకు పూయు కురారే అను విషమును తీయుదురు. దాని పని సరిగా దీనికి విరుద్ధము: కండరములను బిగించుటకు మారుగ పూర్తిగ సడలించును. 1942లో కెనడాలోని మాంట్రియల్ నగరమున గ్రిఫిత్ అను వైద్యుడు శస్త్రచికిత్స సమయమున రోగి కండరములను సడలించుటకు కురారేను వాడెను. నేటి ఆపరేషన్ థియేటర్లలో మత్తుతో పాటు ఇచ్చు సడలింపు మందులకు దారి చూపినది ఆ వేటగాని బాణమే.

ముష్టిని విడుచుటకు ముందు పంచాయతీలకు సంబంధించిన మాట ఒకటి. వీథికుక్కల బాధ హెచ్చినప్పుడు వానిని విషము పెట్టి చంపింపవలెనను ఆలోచన కొందరికి కలుగును. స్ట్రిక్నిన్ సూదిమందుతో గాని, అనవసరముగ క్రూరమైన మఱి యే పద్ధతితో గాని కుక్కలను చంపుట నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షను పేరుపెట్టి చెప్పుచున్నది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమములు చూపిన మార్గము శస్త్రచికిత్స, రేబిస్ టీకా. తీర్మానముపై సంతకము చేయుటకు ముందు ఈ సంగతి తెలిసియుండవలెను. విషము కలిపిన మాంసఖండము కుక్కతో ఆగదు. ఊరి పశువునకు, పక్షికి, పసివానికి కూడ చేరవచ్చును.

కొడిశ

కొడిశ యనునది టేకు అడవులలో పెరుగు చెట్టు. కొందరు ఒడిశ, వడిసె అందురు. కర్ర గట్టిది, గుంజలకు, కంచెలకు వాడుదురు. దీని ఆకులు ఘోరమైన విషము. దీని బెరడును దంచి మడుగులలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టుట కూడ కలదు. అట్లు నీటిలో విషము కలిపి చేపలను చంపుటను 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించినది. ఆ మడుగు నీటిని పశువులు త్రాగుననుట వేరుగ చెప్పనక్కరలేదు.

పేరులో ఒక చిక్కు కలదు. కొడిశపాల, పాలకొడిశ అను పేర్లతో వేఱొక చెట్టున్నది. దాని బెరడు రక్తవిరేచనములకు ఆయుర్వేదమున ప్రసిద్ధమైన మందు, సంస్కృతమున కుటజము. ఆ చెట్టుకు గిల్లిన పాలు కారును; ఈ కొడిశకు పాలు లేవు. పేరు విని ఆకు తెచ్చువారు ఒకదానికి బదులు మఱియొకటి తెచ్చిన ఫలితమెట్లుండునో ఊహించుకొనవచ్చును.

కొడిశ విషము మూత్రపిండములపై పనిచేయును. దేహమునుండి పొటాషియము బయటికి పోవును, రక్తమున ఆమ్లము హెచ్చును, గుండె లయ తప్పును. దీనికి విరుగుడు మందు లేదు. పోయిన పొటాషియమును పూరించుచు, ఆమ్లమును సరిచేయుచు, గుండెను కనిపెట్టుచు రోగిని దాటింపవలసియుండును. ఇచటనే పెద్ద ప్రమాదమున్నది. కొడిశ తిన్న మనిషి మొదటి రోజున బాగుగనే యున్నట్లు కన్పట్టును, మాటలాడును, అన్నమడుగును. గండము పిదప వచ్చును. మూడు నాలుగు రోజుల తరువాత ప్రాణము పోయినవారు కలరు. అందుచేత "బాగానే ఉన్నాడు గదా" యని ఆసుపత్రినుండి ఇంటికి తీసికొనిపోవ నిశ్చయించు బంధువులను ఆపవలసినది ఊరి పెద్దలు.

మఱియొక భయము కూడ చికిత్సను ఆలస్యము చేయుచున్నది. పోలీసు కేసు అగునని బెదరి, తిన్నదేమియో వైద్యునికి చెప్పక దాచుదురు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను అట్టి యత్నము చేసినవారిని తీవ్రమైన మనోవేదనలో నున్నవారిగా భావింపవలెనని చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా యత్నమునకు శిక్ష విధించు పాత 309వ సెక్షను వంటిది చేర్చబడలేదు. ఈ మాటను ఊరిలో పదిమందికి చెప్పుట మంచిది. మనసు క్రుంగినవారు 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

నాము

ఇంతవరకు చెప్పినవి అడవి మొక్కలు. ఇప్పుడు చెప్పబోవునది మనము విత్తనము వేసి పెంచు పైరు. జొన్నయు ఒకానొక దశలో విషపు మొక్కయే.

నేనొకప్పుడు వ్రాసిన కరపత్రమున దీనికి "హైడ్రోసయానిక్ ఆమ్ల విషప్రభావము" అని పేరు పెట్టితిని. ఒక వృద్ధ రైతు దానిని చదివించుకొని విని, "నాము అనరాదా, అయ్యా?" అనెను. అప్పటినుండి నాము అనియే వ్రాయుచున్నాను. పెక్కు అక్షరముల పని రెండక్షరములతో జరుగునపుడు శాస్త్రమునకు లోటేమియు లేదు.

లేత జొన్నలో ధుర్రిన్ అను పదార్థముండును. 1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఈజిప్టు జొన్ననుండి దానిని వేరుచేసి, జొన్నకు అరబ్బీలోగల పేరునుండి ఆ పేరిడిరి. ఆకును పశువు నమలినపుడు ధుర్రిన్ విరిగి సయనైడు వాయువు పుట్టును. సయనైడు రక్తములోని ప్రాణవాయువును దేహకణములు వినియోగించుకొనకుండ అడ్డగించును. ఊపిరి ఆడుచునే యుండును, రక్తము ఎఱ్ఱగనే యుండును, కాని లోపల ప్రతి కణము ఉక్కిరిబిక్కిరి యగును. పశువు తూలును, నోట నురుగు వచ్చును, పడి కాళ్ళు కొట్టుకొనును. కొన్ని నిమిషములలో చనిపోవుటయు కలదు.

ధుర్రిన్ ఎప్పుడు హెచ్చును? మొలచిన తొలి వారములలో హెచ్చు. వాన ముఖము చాటుచేసి పైరు వాడి గిడసబారినప్పుడు మఱింత హెచ్చు. కోత పిమ్మట మోళ్ళనుండి వచ్చు పిలకలలో హెచ్చు. యూరియా మోతాదు మించి వేసిన చేనిలో హెచ్చు. మొక్క ఎదిగి పూతకు వచ్చుకొలది తగ్గిపోవును. చక్కగా ఎండిన చొప్పలో భయము మిక్కిలి తక్కువ. కనుక అనుభవజ్ఞులు పూత రాని జొన్నలోనికి పశువును విడువరు. బెట్ట తగిలిన చేనికి ఒక తడి యిచ్చి, కొన్ని దినములు ఆగి, తరువాత కోయుదురు. పశువునకు ముందు ఎండుగడ్డి పెట్టి పిదప పచ్చిమేత చూపుదురు.

ఈ జిల్లాలలో ఒకప్పుడు విరివిగా పండిన జొన్న స్థానమును నేడు ప్రత్తియు వరియు ఆక్రమించినవి. దానితో నామును గూర్చిన ఎఱుకయు పలుచబడినది. పాడికొఱకు పశుగ్రాసపు జొన్న వేయు యువకులకు తాతల మాట చెప్పువారు లేరు. నాము తగిలిన పశువునకు పశువైద్యులు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను మందులను నరమునకు ఎక్కించెదరు. వెంటనే అందిన యెడల పడియున్న పశువు లేచి నిలుచును. చూచినవారికి అది ఇంద్రజాలమువలె తోచును. నిమిషములతో కూడిన పని కనుక, తొలకరి తరువాత వాన వెనుకబడిన వారములలో ఆ మందు సమీప పశువైద్యశాలలో నున్నదా లేదా అని ముందే విచారించుకొనుట పంచాయతీ చేయదగిన పని. మంద పడిపోయిన తరువాత విచారించి ఫలితము లేదు.

ఉమ్మెత్త, గన్నేరు, మఱికొన్ని

ఉమ్మెత్త గింజలను మిఠాయిలలో, అన్నములో కలిపి బాటసారులకు పెట్టి, వారు మైకమున పడియుండగా దోచుకొను దొంగలను గూర్చి పందొమ్మిదవ శతాబ్దపు పోలీసు, వైద్య గ్రంథములలో విస్తారముగ వ్రాయబడినది. ఉమ్మెత్త తిన్నవానికి నోరు ఎండును, కనుపాప పెద్దదగును, ఒళ్ళు కాలును, లేనివి కనబడును. ఇందలి హయోసయమిన్, హయోసిన్ అను పదార్థములు దీనికి కారణములు. ఉమ్మెత్త కుటుంబములోని బెల్లడోన్నా మొక్కనుండి 1831లో జర్మనీలో వేరుచేయబడిన అట్రోపిన్ ఈ కోవలోనిదే. నేడు ఆ అట్రోపినే మన ఆసుపత్రులలో ప్రతిదినము ప్రాణములు నిలుపుచున్నది. ప్రత్తిచేనికి కొట్టు కొన్ని పురుగుమందులు దేహమున సోకినచో నోట చొంగ కారును, కనుపాప చిన్నదగును, ఊపిరితిత్తులు నీటితో నిండును. ఉమ్మెత్త లక్షణములకు సరిగా ఎదురు లక్షణములు. అందుకు విరుగుడుగ వైద్యులు అట్రోపిన్ సూదులు వేయుదురు. ఐతే పురుగుమందు త్రాగినవానికి ఉమ్మెత్త రసము పోయుదుమనువారు నాకు ఒకటి రెండు చోట్ల తటస్థపడిరి. అది నిప్పుపై నూనె పోయుటయే. వైద్యుడు సూదిలో కొలిచి ఎక్కించును. ఆకు తనలోని విషమును కొలిచి చెప్పదు.

గన్నేరు, పచ్చగన్నేరు రెండును గుండెపై పనిచేయును. వీని విషము, ఇంగ్లండులో విథరింగ్ అను వైద్యుడు 1785లో గుండెజబ్బు మందుగ లోకమునకు తెలిపిన డిజిటాలిస్ వర్గమునకు చెందినది. కొలతలో మందు, కొలత తప్పిన గుండె చప్పుడు మందగించి, లయ చెడి ఆగును. పొరుగున శ్రీలంకలో పచ్చగన్నేరు గింజలు వేలకొలది జనులను ఆసుపత్రుల పాలు చేసినవి. ఆ అనుభవమునుండియే, డిజిటాలిస్ విరుగుడుగ వాడు ప్రతిరక్షక మందు దీనికిని పనిచేయునని 2000 సంవత్సరమున ప్రకటితమైన పరిశోధన నిర్ధారించినది. కాని ఆ మందు మిక్కిలి ఖరీదైనది, అన్నిచోట్ల దొరకునది కాదు.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమునకు నర్సరీని, మొక్కల సంరక్షణను పంచాయతీ బాధ్యతగ చేసినది. పచ్చగన్నేరును మేకలు తినవు, నీరు అంతగా అడుగదు, ఏడాది పొడుగున పూయును. కనుక రహదారి నడుమ నాటుటకు అనుకూలము. ఆ గుణములే చూచి దానిని అంగన్వాడీ గోడ వెంబడి నాటుట నాకు సమ్మతము కాదు. దాని కాయలు పిల్లల చేతికందు ఎత్తుననే రాలును. డీజిలు మొక్కయని కొన్నేండ్ల క్రిందట ప్రచారము పొందిన అడవి ఆముదపు గింజలను పప్పులనుకొని తిన్న బడిపిల్లలు వాంతులతో ఆసుపత్రులలో చేరిన వార్తలు పత్రికలలో తరచు వచ్చుచుండును.

బిళ్ళగన్నేరు వేరు మొక్క. 1950 దశకము చివరనుండి కెనడా, అమెరికా పరిశోధకులు దీనినుండి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను పదార్థములను తీసిరి. పసిబిడ్డల రక్త క్యాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యమైన మందు. మన సమాధుల దగ్గర, గుడి వెనుక ఎవరును పట్టించుకొనని మొక్క అది.

ఆముదమున నూనె నిరపాయము. తీసిన పిండిలో రిసిన్ అను విషము మిగులును. ఎరువుగ చేనిలో చల్లిన పిండిని పశువులు, కుక్కలు తినకుండ మట్టిలో కలియదున్నవలెను. 1978లో లండనులో మార్కోవ్ అను బల్గేరియా రచయితను హత్య చేసినది ఈ రిసినే. గుండుసూది తలయంత గుళికలో పెట్టి కాలిలో పొడిచిరి. గురివింద గింజ దీనికి తమ్ముడు. కంసాలి తూనికలో వన్నె కెక్కిన గింజ; పగులనిచో చాలవరకు హాని చేయక బయటపడును, నలిగినచో ప్రాణాంతకము. దానిని నూరి సూదులుగ చేసి చర్మములకొఱకు పరుల పశువులను పొడిచి చంపు దుష్టులు వెనుకటి కాలమున ఉండిరి.

ఎవరైన ఇట్టిది తిన్నట్లు తెలిసిన వెంటనే 108కి ఫోను చేయవలెను. ఉప్పునీరు, పేడనీరు పోసి వాంతి చేయింపరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి చంపును. తిన్న ఆకుగాని, కాయగాని, గింజగాని ఒకటి సంచిలో వేసి వెంట పంపవలెను. వైద్యునికి చెట్టు పేరు మన యాసలో అర్థము కాకపోవచ్చును, కొమ్మ అర్థమగును.

ఏనబావి అనుభవము

పురుగును చంపు విషము మనిషిని చంపుట ఓరుగల్లు జిల్లాకు చేదు జ్ఞాపకము. 1997-98లో ప్రత్తి నష్టమై, అప్పు తీరక, చేనికి తెచ్చిన మందునే త్రాగి రైతులు మరణించిరి. ఆ యేండ్లలోనే, నేటి జనగామ జిల్లా లింగాలఘనపురము మండలములోని ఏనబావి అను చిన్న పల్లె వేఱొక దారి పట్టినది.

వారిని మొదట కదిలించినది ఎఱ్ఱ గొంగళిపురుగు. తొలకరి వానతో నేలలోని కోశములనుండి రెక్కల పురుగులు లేచి గ్రుడ్లు పెట్టును. పిల్లలు దండుగా కదలి ఆముదపు చేలను మోడు చేయును. ఎదిగిన గొంగళికి మందు కొట్టినను చావదు. అందుచేత రైతులందరు కలిసి తొలి వానల రాత్రులలో మంటలు వేసి రెక్కల పురుగులను ఆకర్షించి చంపుట, గట్ల వెంబడి కందకము త్రవ్వుట, జిల్లేడు, అడవి ఆముదపు కొమ్మలు పరచి గొంగళ్ళను వాని మీదికి చేర్చి ఏరివేయుట మొదలుపెట్టిరి. ఇది ఒక్కడు చేయు పని కాదు. ఒకని చేనిలో మంట లేకున్న పురుగు అచట గ్రుడ్డు పెట్టి అందరి చేలకు వచ్చును. కలిసి చేయుట అలవాటైన పిదప వేపగింజల కషాయము వచ్చినది, పురుగుమందు పోయినది. తరువాత రసాయనిక ఎరువులును పోయినవి. 2006 నాటికి యాభై యిండ్ల ఆ పల్లె తనను రసాయనములు లేని ఊరుగ ప్రకటించుకొన్నది. పొరుగు రాష్ట్రములనుండి కూడ రైతులు వచ్చి చూచి వెళ్ళిరి.

వేపలోని విషము మెత్తనిది. అజాడిరాక్టిన్ అను ఆ పదార్థమును 1968లో వేరుచేసిరి. అది పురుగును పడవేసి చంపదు. ఆకు రుచింపకుండ చేయును, కుబుసము విడువకుండ చేయును. కావున కషాయము కొట్టిన మరునాడే చచ్చిన పురుగులను లెక్కింపబోయిన రైతు నిరాశపడును. ఐదు కిలోల వేపగింజల పప్పు పొడిని రాత్రి నానవేసి, వడగట్టి, నూరు లీటర్లకు నీరు చేర్చి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము కొట్టవలెను. ఎండకు దాని బలము తగ్గును. పొగాకు కషాయమును దీనితో సమముగ చూడరాదు. పొగాకులోని నికోటిన్ చర్మము గుండ ఎక్కి కొట్టువానికే వికారము, తలత్రిప్పు కలిగించును. మొక్కనుండి వచ్చినదెల్ల మెత్తనిదనుకొనుట ఇచటను పొరపాటే.

మన పెరటి వేపకు పరదేశమున ఒక వ్యాజ్యము కూడ జరిగినది. వేపనూనెతో బూజుతెగుళ్ళను అరికట్టు పద్ధతి తమదని అమెరికా వ్యవసాయ శాఖయు, గ్రేస్ అను సంస్థయు 1994లో ఐరోపా పేటెంటు పొందిరి. భారతీయులు మొదలైనవారు అభ్యంతరము చెప్పగా, ఇది రైతులు ముందునుండి ఎఱిగిన విద్యయేనని సాక్ష్యములు చూపగా, 2000లో ఆ పేటెంటు రద్దయినది. దానిపై చేసిన అప్పీలును 2005 మార్చిలో మ్యూనిక్ నగరమున కొట్టివేసిరి.